సోలారుకి ముందు కరెంటు బిల్లు తీయండి
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది ఏ సంఘానికి వెళ్ళినా సోలారు మాటే. "ఎంతవుద్ది, ఎన్నేళ్ళకి తిరిగొస్తది?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకటే జవాబు లేదమ్మా. మీ బిల్లును బట్టి ఉంటుంది.

2025-26 రేట్ల ప్రకారం మన ఆంధ్రాలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90. తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎక్కువ కాల్చే ఇంటికే సోలారుతో ఎక్కువ మిగులు.

నెలకు 250 యూనిట్లు కాల్చే ఇల్లు చూడండి. యూనిట్ల ఖర్చే 1,236. రెండు కిలోవాట్ల సోలారుకి నెలకు సుమారు 220 యూనిట్లు వస్తే, 57 కడితే చాలు. మిగులు 1,179. పెట్టడానికి 1,30,000 అనుకుందాం. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 60,000 పోను 70,000. సొంత డబ్బయితే అయిదేళ్ళలో వచ్చేస్తుంది. నూటికి రూపాయి వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 700, తీరడానికి ఏడున్నరేళ్ళు. ప్యానెళ్ళు పాతికేళ్ళు పనిచేస్తాయి కాబట్టి అదీ పరవాలేదు.

మనలో చాలామందివి 100 యూనిట్ల ఇళ్ళు. ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్జు, అంతే. ఖర్చు 305. ఒక కిలోవాటుకి సబ్సిడీ పోను 38,000 అప్పు తెచ్చారనుకోండి, నెల వడ్డీ 380. బిల్లు మొత్తం పోయినా వడ్డీకే చాలదు, ఇక అసలెప్పుడు తీరుతుంది? ఇలాంటి ఇంటికి సంఘం అప్పు తీసుకోవద్దనే నేను చెప్తాను. ఎవరైనా కోప్పడినా సరే.

ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు అదనంగా 20,000 ఇచ్చే పథకం రాష్ట్రంలో ఉంది. వాళ్ళ లెక్క వేరు. ముందు అది అడగండి.

ఇంకోటి. బ్యాటరీ లేని సోలారు కరెంటు పోతే ఆగిపోతుంది. కొబ్బరిచెట్టు నీడ పడినా యూనిట్లు తగ్గుతాయి.

సబ్సిడీ ముందుగా రాదు, ప్యానెళ్ళు బిగించి తనిఖీ అయ్యాకే బ్యాంకులో పడుతుంది. దరఖాస్తు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళ పేరునే. మన ఇళ్ళల్లో మీటరు మామగారిదో ఆయనదో, అప్పు మాత్రం మనది! సబ్సిడీ వాళ్ళ ఖాతాలో పడితే మన అప్పుకి జమ చేస్తామని సంఘం ముందు ఒప్పించి, తీర్మానం పుస్తకంలో రాయించండి.

అప్పు కావాల్సిన వాళ్ళు పన్నెండు నెలల బిల్లులు పట్టుకుని వచ్చే సమావేశానికి రండి. మీ ఇంటి లెక్క అక్కడే కలిసి వేద్దాం.