కట్టిన పన్ను మళ్లీ కట్టమంటే...

స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం పూర్వ విద్యార్థుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం

 

నిన్న సభలో మన బడి పిల్లలు ఎన్ని దేశాల్లో ఉన్నారో చదువుతుంటే చప్పట్లు ఆగలేదు. వాళ్లలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. రాలేని వాళ్ల అమ్మానాన్నలు ఉన్నారు. కార్యదర్శి గారు "ఆడిటర్‌వి కదా, నలుగురికీ పనికొచ్చేది చెప్పు, కవిత్వం వద్దు" అని ముందే హెచ్చరించారు. అందుకని కవిత్వం జోలికి పోకుండా నోటీసుల గురించి చెబుతాను.

పిల్లాడు విమానం ఎక్కి రెండేళ్లవుతుంది. ఒకరోజు పాత చిరునామాకు ఓ కాగితం వస్తుంది. లేదా వాడు ఎప్పుడో వదిలేసిన ఈమెయిల్‌కు వస్తుంది. ఫలానా సంవత్సరానికి మీరు ఇంత బాకీ, 30 రోజుల్లో కట్టండి అని అందులో ఉంటుంది. ఇంట్లో వాళ్లకు అన్నం సహించదు. నా దగ్గరికి అలా వచ్చిన ఒక తల్లి నోటీసు బల్ల మీద పెట్టి మొదట డబ్బు సంగతి అడగలేదు. "సంక్రాంతికి వాడొస్తే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా బాబూ?" అని అడిగింది.

పట్టుకోరమ్మా. ముందు ఇది అందరూ తెలుసుకోవాలి. ఇలాంటి నోటీసుల్లో ఎక్కువ భాగం లెక్క తేడా మీద వచ్చేవే. మనం వేసిన రిటర్నును బెంగళూరులో ఉన్న కేంద్రీకృత ప్రాసెసింగ్ సెంటర్‌లో కంప్యూటర్ సరిచూస్తుంది. మనం చూపించిన టీడీఎస్ ఒకవైపు, మన ప్యాన్ మీద నమోదైన ఫారం 26ఏఎస్ ఒకవైపు పెట్టి పోలుస్తుంది. రెండూ కలవకపోతే సెక్షన్ 143(1) కింద ఒక సమాచార పత్రం పంపుతుంది. కంప్యూటర్‌కు మీ అబ్బాయి మంచివాడా కాదా అన్నది తెలీదు. రెండు అంకెలు కలవలేదని మాత్రమే తెలుసు. కాబట్టి మన పని ఎదుటివాళ్లను తిట్టడం కాదు, ఆ రెండు అంకెలు ఎందుకు కలవలేదో వెతకడం.

ఆ తల్లి కేసే చెబుతాను. అబ్బాయి ఇక్కడ ఉద్యోగం మానేసే ముందు ఆరు నెలల జీతంలో కంపెనీ పన్ను కోసింది, ఖజానాకు జమ కూడా చేసింది. కానీ టీడీఎస్ రిటర్ను వేసేటప్పుడు అతని ప్యాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. కోసిన పన్ను ఎవరి ఖాతాలోకో పోయింది. ఇతని 26ఏఎస్‌లో సున్నా. అంతే, మొత్తం పన్ను వడ్డీతో సహా కట్టమన్నారు. ఈలోగా ఎవరో "నేను మాట్లాడి సెటిల్ చేయిస్తాను, సగం చాలు" అన్నాట్ట. ఆవిడ గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది.

ఇక్కడ చట్టం మన పక్షాన ఉంది. సెక్షన్ 205 ప్రకారం జీతంలోంచి పన్ను కోశాక, కోసినంత మేరకు ఆ పన్నును మళ్లీ ఉద్యోగి దగ్గర అడగకూడదు. కంపెనీ కట్టకపోయినా సరే, కంపెనీని అడగాలి. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోనూ, మళ్లీ 2016లోనూ తన అధికారులకు ఇదే మాట గుర్తుచేసింది. మేం చేసిందల్లా ఫారం 16, ఆరు నెలల పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి, కంపెనీకి రాసి వాళ్ల టీడీఎస్ రిటర్ను సవరింపజేయడం. తర్వాత సెక్షన్ 154 కింద సవరణ కోరాం. కొన్ని నెలలు పట్టింది కానీ బాకీ సున్నా అయింది. గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి.

రెండో రకం తేడా, వెళ్లిన సంవత్సరంలో వస్తుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఏడాదికి రెసిడెంట్ కింద లెక్క. ఉద్యోగం కోసం సెప్టెంబర్ 20న వెళ్లిన వాడికి 173 రోజులే అవుతాయి, కాబట్టి వాడు నాన్ రెసిడెంట్. అక్టోబర్ 10న వెళ్లిన వాడికి 193 రోజులవుతాయి, వాడు రెసిడెంట్. ఇరవై రోజుల తేడాతో ఇద్దరి లెక్కలూ వేరైపోతాయి. రెండోవాడు మార్చి దాకా అక్కడ సంపాదించిన జీతం కూడా ఇక్కడ చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఫారం 67 వేసి మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ ఫారం వేయకుండా మినహాయింపు అడిగితే నోటీసు వస్తుంది. పాస్‌పోర్టు మీద ముద్రలు పడిన పేజీలు, బోర్డింగ్ పాసులు దాచుకోమనేది ఇందుకే.

మూడోది 2023లో చాలామందిని ఏడిపించిన సంగతి. ఆ జులై 1 నుంచి ఆధార్‌తో కలపని ప్యాన్‌లు పనిచేయకుండా పోయాయి. నాన్ రెసిడెంట్లకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కానీ ప్యాన్ రికార్డులో వాళ్లు ఇంకా రెసిడెంట్లుగానే ఉన్నారు, మార్చమని ఎవరూ చెప్పలేదు. దాంతో రీఫండ్లు ఆగాయి, టీడీఎస్ ఎక్కువ రేటున కోశారు. వాళ్ల దగ్గర ఇల్లు కొన్నవాళ్లకు కూడా "మీరు పన్ను తక్కువ కోశారు" అని నోటీసులు వెళ్లాయి. మీ ప్యాన్ పరిధిలోని అసెసింగ్ ఆఫీసర్‌కు పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ జతచేసి నేను నాన్ రెసిడెంట్‌ని అని తెలియజేయడమే దీనికి విరుగుడు. వెళ్లిన ఏడాదే ఆ పని చేస్తే ఈ బాధే ఉండదు.

నాలుగోది ఇల్లు, స్థలం అమ్మడం. మనవాళ్లు బాగా నష్టపోయేది ఇక్కడే. ఇక్కడ ఉన్నవాడు 50 లక్షలు, ఆ పైన పెట్టి ఆస్తి అమ్మితే కొనేవాడు ఒక్క శాతం కోస్తాడు. బయట ఉన్నవాడు అమ్మితే సెక్షన్ 195 వర్తిస్తుంది. ఎంతకు అమ్మినా కోయాల్సిందే. ఉదాహరణకు ఎప్పుడో కొన్న ఫ్లాట్ 48 లక్షలకు అమ్మారు, అసలు లాభం 10 లక్షలు అనుకోండి. దీర్ఘకాలిక లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం, సెస్సు కలిపితే 13 శాతం. అంటే నిజంగా కట్టాల్సింది లక్షా 30 వేలు. కానీ కొనేవాడికి మీ లాభం ఎంతో తెలీదు కనుక మామూలుగా మొత్తం 48 లక్షల మీదా కోస్తాడు. అది 6 లక్షల 24 వేలు. దాదాపు 5 లక్షలు రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతాయి. రిజిస్ట్రేషన్‌కు ముందే ఫారం 13 పెట్టి, తక్కువ కోయమని సెక్షన్ 197 కింద సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ డబ్బు మీ చేతిలోనే ఉంటుంది. బయానా తీసుకున్న రోజే ఆ దరఖాస్తు మొదలుపెట్టండి. కొన్నవాళ్లు 27క్యూ రిటర్ను వేసి, మీకు ఫారం 16ఏ ఇచ్చేదాకా వెంటపడండి. అది లేకపోతే కోసిన పన్ను మీ ఖాతాలో కనపడదు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఐదోది పాత బాకీలు. రిజిస్టర్లలో చేత్తో రాసుకున్న రోజుల నాటి డిమాండ్లను తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించారు. కట్టేసినవి, అప్పీల్లో కొట్టేసినవి కూడా కొన్ని అలాగే ఎక్కాయి. ఇప్పుడు మీకు రీఫండ్ రావాల్సి ఉంటే సెక్షన్ 245 కింద అందులో జమ వేసుకుంటామంటారు. అయితే ముందుగా మీకు చెప్పాలి, మీ జవాబు వినాలి. ఒక చార్టర్డ్ అకౌంటెంట్ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని ఢిల్లీ హైకోర్టు 2013 మార్చిలో ఈ విషయం గట్టిగా చెప్పింది. కార్డు ముక్క మీద రాసినా న్యాయం జరుగుతుందనే నమ్మకం ఆ కేసు చదివితే కలుగుతుంది. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో 2009-10 వరకు 25 వేల లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10 వేల లోపు ఉన్న పాత డిమాండ్లను, మనిషికి మొత్తం లక్ష మించకుండా, రద్దు చేశారు. మీ పోర్టల్‌లో అలాంటివి ఇంకా కనిపిస్తున్నాయేమో చూసుకోండి.

ఇక నోటీసు వచ్చాక ఏం చేయాలి? ముందు అది అసలుదో కాదో చూడండి. 2019 అక్టోబర్ నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తరం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. పోర్టల్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో లింకు పంపి డబ్బు కట్టమంటే మోసమే.

అసలుదే అయితే మౌనంగా ఉండకండి. భయపడి కట్టేయకండి కూడా. 30 రోజులు దాటితే నెలకు ఒక శాతం వడ్డీ నడుస్తుంది. అనవసరంగా కడితే వెనక్కి తెచ్చుకోవడం ఇంకా కష్టం, వాళ్లిచ్చే వడ్డీ నెలకు అర శాతమే. పోర్టల్‌లో బాకీకి జవాబు ఇచ్చే చోట ఒప్పుకోను అని కారణంతో సహా నమోదు చేయండి. తర్వాత సవరణకు దరఖాస్తు పెట్టండి. ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి నాలుగేళ్ల వరకు సవరణ కోరవచ్చు. మీరు దరఖాస్తు ఇచ్చిన నెల ముగిశాక ఆరు నెలల్లో వాళ్లు తేల్చాలి. తేల్చకపోతే గ్రీవెన్స్ పెట్టండి. ప్రతి ఉత్తరానికీ రసీదు సంఖ్య రాసి పెట్టుకోండి.

ఇంకో మాట కూడా నిష్ఠూరంగా అనిపించినా చెప్పాలి. నోటీసు సరైనదే అయ్యే సందర్భాలూ ఉన్నాయి. నాన్ రెసిడెంటుకు 87ఏ రిబేటు లేదు, ఐటీఆర్ 1 ఫారం పనికిరాదు. ఎన్నార్వో డిపాజిట్ వడ్డీ మీద పన్ను ఉంది, ఎన్నార్యీ వడ్డీ మీద లేదు. లెక్క వాళ్లదే సరైతే వాదించకుండా కట్టేయండి. మన లెక్కల మాస్టారు మనకు నేర్పింది అదే కదా, జవాబు పుస్తకంతో కలవకపోతే ముందు మన లెక్క చూసుకోమని.

1961 నాటి చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. నేను చెప్పిన సెక్షన్ల నంబర్లు పాత చట్టానివి, కొత్త దాంట్లో అవి వేరు. పాత సంవత్సరాల లెక్కలు మాత్రం పాత చట్టం ప్రకారమే నడుస్తాయి. కాగితాలు దాచుకోవాల్సిన అవసరం ఏ చట్టం వచ్చినా మారదు.

విమానం ఎక్కబోయే పిల్లలూ, నాలుగు పనులు చేసి వెళ్లండి. పోర్టల్‌లో ఎప్పటికీ మారని ఈమెయిల్ పెట్టండి. సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా మార్చండి. ప్యాన్‌లో మీ హోదా మార్పించండి. ఫారం 16లన్నీ ఒక ఫైల్లో పెట్టి, దాని కాపీ ఇంట్లో ఇచ్చి, "ఏ నోటీసు వచ్చినా ముందు ఫోటో తీసి నాకు పంపు, ఎవరికీ డబ్బు ఇవ్వకు" అని అమ్మకు చెప్పండి. ఆ చివరి పని మిగతా మూడింటికంటే ముఖ్యం. మీరు అక్కడ నిద్రపోతున్న వేళ ఇక్కడ ఆ కవరు విప్పేది ఆవిడే.

భోజనాల తర్వాత ఈ రెండు రోజులూ తొమ్మిదో తరగతి గదిలో కూర్చుంటాను. కాగితాలు ఉన్నవాళ్లు తీసుకురండి, కలిసి చూద్దాం. ఫీజు లేదు, టీ మాత్రం మీరే తెప్పించాలి.