ముసలి కుక్కకు మతిమరుపు వస్తే

గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లకు కుక్కే కాపలా. పదేళ్లు దాటాక ఆ కుక్క ఒక్కోసారి గోడకేసి చూస్తూ నిలబడిపోతుంది. తలుపు తెరుచుకునే వైపు వదిలేసి రెండోవైపు నిలబడుతుంది. పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. ఇంటి మనిషినే పోల్చుకోదు.

దీన్ని పిచ్చి అనుకుని తరిమేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. ఇది ముసలితనపు జబ్బు. మనుషుల అల్జీమర్స్‌లో లాగే మెదడులో బీటా అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. 2001లో అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన లెక్కల్లో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్లవాటిలో 68 శాతానికి కనీసం ఒక లక్షణం కనిపించింది.

మతిమరుపు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. అలా కాక రోజుల్లోనే తీరు మారి, చొంగ కారుస్తూ మీదికొస్తే రేబిస్ కావచ్చు. దగ్గరకు వెళ్లకండి, వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

చూపు తగ్గినా, కీళ్లు నొప్పెట్టినా కుక్క ఇలాగే తికమకపడుతుంది. అందుకే ముందు పరీక్ష చేయించాలి. మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. సెలిజిలిన్ అనే మందు కొన్నిటికి ఉపయోగపడుతుంది, డాక్టరు రాస్తేనే. మనుషుల నిద్రమాత్రలు మాత్రం వేయొద్దు.

ఇంట్లో దాని గిన్నె, పడక చోటు మార్చకండి. రాత్రి వసారాలో చిన్న లైటు ఉంచండి. ఉదయం, సాయంత్రం ఒకే వేళకు, తెలిసిన దారిలోనే నెమ్మదిగా తిప్పండి. ఇంట్లో తడిపితే కొట్టకండి, ఎందుకు కొట్టారో దానికి అర్థం కాదు. మరికాస్త తరచుగా బయటికి తీసుకెళ్లండి.