ఇంటిల్లిపాదికీ ఫొటోలు - మరి మీకో?



ఫొటో తీయడమంటే ఒకప్పుడు ఇంట్లో మగవాళ్ల పని. ఫోనులోకి కెమెరా వచ్చాక ఆ పని చాలా ఇళ్లలో మన చేతికే వచ్చింది. పోపు పెట్టిన చేత్తోనే ఫోను తీసి, చంటివాడి తప్పటడుగులు పట్టేస్తున్నాం. కాబట్టి మొదటి మాట ఇదీ: కెమెరా అద్దానికి అంటిన నూనె జిడ్డును పాత నూలుగుడ్డతో మెత్తగా తుడవండి. "ఫొటోలు మసగ్గా వస్తున్నాయి, కొత్త ఫోను కొనాలి" అనే ముందు ఇది చేసి చూడండి.

మా ఇల్లు శాలిబండలో. ఒక ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు మా ఆడపడుచు బోనమెత్తింది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీశాను. కుండా, వేపాకులూ నిగనిగలాడుతున్నాయి గాని, నీడ పడి ఆమె మొహమే లేదు! మరుసటి ఏడు పొద్దున్నే, గడప దాటకముందే, వసారాలో వాకిలి వైపు తిరిగి నిలబడమన్నాను. బయటి వెలుతురు మొహం మీద చల్లగా పడింది. బోనం మీద దీపం కూడా కనబడాలంటే ఫ్లాష్ ఆపేయండి. ఫ్లాష్ వెలిగిందా, దీపం వెలవెలబోతుంది. తెరమీద మొహాన్ని వేలితో తాకి, వెలుగు కొంచెం తగ్గించండి. మోచేతులు ఒంటికి ఆనించుకుంటే చెయ్యి వణకదు.

పిల్లల్ని తీసేటప్పుడు నేలమీద చతికిలబడండి. పైనుంచి తీస్తే నడినెత్తే వస్తుంది. వెనకాల దండెం మీద తువ్వాళ్లుంటే వాటిని తీయక్కర్లేదు, మీరే రెండడుగులు పక్కకి జరగండి. వీధిలో పరాయివాళ్లనైతే అడిగి మరీ తీయండి.

అడగడమంటే గుర్తొచ్చింది. పరదా చాటు స్త్రీల కోసం మన హైదరాబాదులోనే 1892లో లాలా దీన్‌దయాళ్ జనానా స్టూడియో పెట్టారు. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. అక్కడ ఫొటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత. ఫొటో తీయించుకోవాలన్న ముచ్చట ఆ ఘోషా స్త్రీలకే అంత ఉంటే, మనకేం వచ్చిందమ్మా?

ఎందుకంటున్నానంటే, మా అమ్మ పోయాక పటం కట్టించడానికి ఫొటోల పెట్టె అంతా గాలించాం. పెళ్లిళ్లు, పురుళ్లు, పండుగలు అన్నీ ఉన్నాయి. ఒకదాంట్లో అమ్మ వడ్డించే చెయ్యి, ఇంకోదాంట్లో వీపు. మొహం తిప్పిన ఒక్కటీ కిటికీకి వీపు పెట్టి నిలబడ్డది. వెనక వెలుతురుకి మొహం నల్లటి మచ్చలా ఉంది. ఆఖరికి రేషను కార్డు ఫొటోనే పెద్దది చేయించాం. అది ఆవిడలా ఉండదు.

అందుకని ఫోను ఇంకొకరి చేతికివ్వండి. కిటికీ ఎటుందో, ఎక్కడ తాకాలో పిల్లలకు చెప్పండి, పదేళ్లవాళ్లు మనకన్నా బాగా తీస్తారు. ఫోను పోతే ఫొటోలూ దానితోనే పోవచ్చు. ఏడాదికో పదైనా ప్రింటు వేయించి, వెనక పెన్సిలుతో పేరూ, ఊరూ, తేదీ రాయండి.

మొన్న మా చిన్నవాడు నన్ను తీశాడు. కిటికీ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, జుట్టంతా రేగి ఉంది. చెరిపేయరా అన్నాను, వినలేదు. ప్రింటు వేయించి బీరువాలో పెట్టాను.

సెలవు.