రాజీ మాట తప్పితే...
(ఆసిఫాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికి వచ్చే స్త్రీలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "కేసు రాజీ చేసుకున్న. రెండు నెలలు మంచిగ చూసిండు. మళ్ల కొడుతుండు. పాత కేసు లేపరాదా అక్కా?"

లేపలేం. కోర్టు అనుమతితో కేసు రాజీ అయితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. మాట తప్పినంత మాత్రాన ఆ కేసు మళ్లీ బతకదు. కానీ రాజీ తర్వాత కొట్టిన ప్రతి దెబ్బా కొత్త నేరమే. దానిపై కొత్త ఫిర్యాదు ఇవ్వవచ్చు.

498-ఎ మొదట రాజీకి వీల్లేని నేరం. 2003లో ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం భార్య కోరితే, కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది. అడిగాక కనీసం మూడు నెలలు ఆగాలని షరతు పెట్టింది. భర్త మాట మీద నిలుస్తాడో లేదో చూసుకోవడానికి ఆ గడువు పనికొచ్చేది. 2024 జూలై 1న వచ్చిన కేంద్ర చట్టంలో రాజీకి వీలున్న నేరాల జాబితాలో ఈ నేరం లేదు. అయితే ఇద్దరూ రాజీపడ్డారని హైకోర్టు కేసు కొట్టేయగలదు. అప్పుడూ పాత కేసు ముగిసినట్టే.

నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే 'ప్లీ బార్గెయినింగ్' మన దేశంలో 2006 జూలైలో అమల్లోకి వచ్చింది. స్త్రీలపై నేరాలకు అది వర్తించదు. ఆ పేరుతో ఎవరు బేరానికి వచ్చినా నమ్మకండి.

ఇక కాగితాల సంగతి. పెద్దమనుషుల ముందో, స్టేషన్‌లోనో రాసుకున్నది కోర్టు ఉత్తర్వు కాదు. రాయి సెంటర్ తీర్పుకు ఊళ్లో విలువ ఉంది, కానీ కోర్టు దాన్ని డిక్రీలా అమలు చేయదు. లోక్ అదాలత్ అవార్డు వేరు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. క్రిమినల్ కోర్టు పంపిన కేసులో ఇచ్చిన అవార్డునూ డిక్రీగా అమలు చేయించుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రాజీ మనల్నీ కట్టేస్తుంది. ఒప్పందం ప్రకారం విడాకులు, సొమ్ము తీసుకుని కూడా కేసు నడిపిన ఒక భార్య ఫిర్యాదును 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అందుకని డబ్బు, నగలు చేతికి వచ్చాకే సంతకం చేయించండి. వాయిదాలు ఉంటే తేదీలు రాయించండి. రక్షణ ఉత్తర్వును వదులుకోనివ్వకండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి.

రాజీ వద్దని చెప్పడానికి నేను రాలేదు. పడాలో వద్దో ఆమె ఇష్టం. కానీ వేలిముద్ర వేసేముందు ఆ కాగితాన్ని ఆమెకు గోండిలోనో, కొలామిలోనో, మన తెలుగులోనో చదివి వినిపించండి. "ఇది తప్పితే పాత కేసు రాదు" అన్న ఒక్క మాట ఆమె చెవిన వేయండి.