నోటిలో కరెంటు
(సొసైటీ వార్షికోత్సవ సభలో ఒక దంతవైద్యుని ప్రసంగ పాఠం)



పళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. రెండు పూటలా పళ్ళు తోముకోండి అని చెప్పి దిగిపోవచ్చు. అది మీకు తెలిసిందే. అందుకని నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మన పేటలోని ఒక ఖాలాకు కింది దవడలో పన్ను పుచ్చితే వెండి సిమెంటు నింపి పంపాను. మూడో నాడు తిరిగి వచ్చి, "బేటా, నోరు మూస్తే చాలు, కరెంటు కొడుతోంది" అన్నారు. పన్ను తట్టి చూశాను, ఎక్స్‌రే తీశాను. లోపం కనపడలేదు. "ఏమీ లేదమ్మా, మీ అనుమానం" అని పంపేశాను. ఇంట్లోవాళ్ళూ అదే అన్నారు. ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు తాయెత్తు కట్టించారు. పాపం, ఆవిడ ఎవరికీ చెప్పుకోవడం మానేశారు.

వారం తర్వాత మనవడిని తీసుకొచ్చినప్పుడు ఏదో మాటకు నవ్వారు. నేను నింపిన పంటికి సరిగ్గా ఎదురుగా, పై పంటికి బంగారు తొడుగు! కింది పన్నే చూశాను గాని, అది దేనికి తగులుతుందో చూడలేదు.

ఇందులో వింత లేదు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పుతో కూడిన తడి ఉంటే కరెంటు పుడుతుంది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఈ సూత్రం మీదనే మొదటి బ్యాటరీ చేశాడు. నోటిలో లాలాజలమే ఆ తడి. వెండి సిమెంటులో సుమారు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి. అది బంగారానికి తగిలితే పంటిలోని నరం జివ్వుమంటుంది. స్టీలు చెంచా తగిలినా, చాక్లెట్ మీది అల్యూమినియం రేకు పంటి కింద పడినా కొందరికి ఇలాగే అవుతుంది. నోట్లో లోహపు రుచి కూడా రావచ్చు. ప్రాణాపాయం ఏమీ లేదు. చాలామందికి కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే లోహం తీసి తెల్ల సిమెంటు పెట్టవచ్చు. ఖాలాకు అదే చేశాను. ఆ రోజుతో బాధ పోయింది.

అయితే కరెంటు కొట్టినట్టున్న ప్రతి నొప్పీ ఇదే అనుకోకండి. చల్లనివి, వేడివి తగిలాక నొప్పి చాలాసేపు నిలిస్తే పంటి లోపలి నరం వాచి ఉండవచ్చు. నమిలినప్పుడు చురుక్కుమంటే పన్ను చిట్లి ఉండవచ్చు. ముఖం కడిగినా, గాలి తగిలినా ఒక పక్క చెంప మీద మెరుపులా నొప్పి వచ్చి పోతుంటే అది ముఖ నరానికి సంబంధించిన జబ్బు కావచ్చు. దానికి పళ్ళు పీకించుకుని లాభం లేదు, నరాల డాక్టరుకు చూపించాలి.

ఇది విని, పాత వెండి సిమెంటంతా పీకించేద్దామని తొందరపడకండి. గట్టిగా ఉన్నదాన్ని అవసరం లేకుండా తీయించవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో చెప్పింది. తీసేటప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువగా వస్తుంది. అయితే గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొత్తగా పెట్టకపోవడం మంచిదని కూడా అదే సంస్థ చెప్పింది. యూరప్ సమాఖ్య దేశాల్లో 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, దీన్ని వాడటం ఆపేశారు.

చివరగా ఒక్క మాట. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నోటిలో ఏ లోహం ఎక్కడుందో, బాధ ఎప్పుడు వస్తుందో చెప్పండి. ఇంట్లో అమ్మగాని, నానమ్మగాని "నోట్లో కరెంటు" అంటే నవ్వకండి. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వినిపించుకోనిది నేను.

సెలవు.