లీడరక్క తలబరువు



ఇయ్యాల సంఘం లీడర్ల గురించి మాట్లాడుకుందాం. వాళ్లు రాసే లెక్కల గురించి కాదు, వాళ్ల మనసు గురించి.

లీడరు బయటికి ధైర్యంగనే కనబడుతది. రాత్రి మాత్రం నిద్ర పట్టదు. ఒకామె కిస్తు కట్టకపోతే బ్యాంకాయన లీడరునే అడుగుతడు. సభ్యులూ ఆమెనే అంటరు. ఇంట్ల భర్త "నీకెందుకీ పంచాయితీ?" అంటడు. తల నొస్తది, అన్నం సయించదు, పిల్లల మీద కోపం వస్తది. ఇది పిరికితనం కాదు. పదిమంది బరువు ఒక్క తల మీద పెట్టుకుంటే ఎవరికైనా ఇట్లనే అయితది.

2010ల ఏమైందో మీలో చాలామందికి ఎరుకే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊరూరా అప్పులు ఇచ్చినయి. వారం వారం కిస్తు. ఒకామె కట్టకపోతే గుంపంతా కట్టాలె. ఏజెంట్లు ఇంటి ముందట కూర్చునేది. అవమానం తట్టుకోలేక కొందరు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నరు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, బెదిరించి వసూలు చేయొద్దన్నది. అప్పు ఎంత బరువో, ఎవరికీ చెప్పుకోలేకపోవుడు అంత బరువు అని నాకనిపిస్తది.

చాకలి ఐలమ్మ ఒక్కతే దొరను ఎదిరించింది అంటం. అది సగమే నిజం. 1940లల్ల జనగామ దిక్కు పాలకుర్తిల, ఆమె పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చిన్రు. అప్పుడు సంఘపోళ్లు అండగా నిలబడ్డరు. పంట కోసి ఆమె ఇంటికి చేర్చిన్రు. తర్వాత ఇల్లు కాలబెట్టినా ఆమె తగ్గలే.

మరి మనమేం చేయాలె? ఒకామె కిస్తు ఆగితే, లీడరు తన బీడీల పైసలు తీసి గుట్టుగ కట్టొద్దు. ఒకసారి కడితే ప్రతిసారీ ఆమె మీదనే పడుతది. మీటింగుల అందరి ముందట చెప్పాలె. "ఫలానామె బిడ్డకు జరం, రెండు కిస్తులు ఆలస్యం" అని తీర్మానాల పుస్తకంల రాసి, అందరూ సంతకం పెట్టాలె. ఇప్పుడు మనకు రాయొస్తది కద! బ్యాంకుకు ఇద్దరిని తోడు తీసుకొని పోవాలె. ఏండ్లకేండ్లు ఒక్కామెనే లీడరుగ ఉంచుడు నాకైతే నచ్చదు.

ఇంకో మాట. 2022ల రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. చిన్న అప్పుల వసూలు కోసం పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయొద్దు. తిట్టొద్దు, బెదిరించొద్దు.

దినాల తరబడి నిద్ర లేకున్నా, బతుకుడెందుకు అనిపించినా, ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. దాన్ని టెలిమానస్ అంటరు. పైసలు పడవు. తెలుగులనే మాట్లాడొచ్చు, రాత్రయినా చేయొచ్చు. ఆ నంబరు తీర్మానాల పుస్తకం మొదటి పేజీల పెద్దగ రాసి పెట్టండి.