సముద్రములోని నది

బారువ నుండియో భావనపాడు నుండియో పడవ త్రోయు మత్స్యకారునకు సముద్రపు పోకడ ఏడాదికి రెండుమారులు తిరుగునని తెలియును. ఫిబ్రవరి నుండి మే వరకు ఒడ్డు వెంబడి ఈశాన్యమునకును, అక్టోబరు నుండి డిసెంబరు వరకు నైరృతికిని నీరు పారును. ఈ రెండవ ప్రవాహము గంగా బ్రహ్మపుత్రల వరదనీటిని మోసికొని, సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున, ఉద్దానము నానుకొని పోవును. ఉప్పు తక్కువైన నీరు తేలిక. అది పైననే నిలిచి, అడుగునీటితో సులభముగ కలియదు.

2013లో శ్రీహరికోట నుండి ఎగిరిన భారత ఫ్రెంచి ఉపగ్రహము సరళ్ వంటివి రాడారు కిరణములతో సముద్రమట్టపు హెచ్చుతగ్గులను కొలుచును. ఆ మట్టపు వాలును, భూభ్రమణమును కలిపి లెక్కగట్టిన ప్రవాహవేగము తేలును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సముద్రమును గడులుగా విభజించి, గాలిని, ఎండను, నదీజలమును చేర్చి, రేపటి సముద్రమును గణనయంత్రముచే లెక్కింతురు.

అయినను ఒడ్డు చేరువను ఉపగ్రహపు చూపు మందగించును. నేల నుండి వచ్చు ప్రతిధ్వని నీటి జాడను చెరుపును. ఆ లోటు కొంత తీర్చినవారు జాలరులే. 2005 నుండి ఐదు దినముల కొకమారు, భారతతీరమున ఎనిమిది చోట్ల, మోకాలిలోతు నీటిని సీసాల కెత్తి శాస్త్రజ్ఞుల కందించిరి. ఈ ‘నది’ వృత్తాంతము 2014లో లోకమునకు వెల్లడియైనది ఆ సీసాలవలననే. యంత్రముల ఘనతను పొగడువారు దీనిని మరువరాదు.

2018 అక్టోబరు 11 వేకువను పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను, ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను నేలగూల్చినది. తుపానునకు బలమిచ్చునది నీటి వెచ్చదనమే. తుపాను త్రోవ నేడు చాలవరకు ముందే తెలియుచున్నది. అది హఠాత్తుగ బలియుట మాత్రము ఇంకను లెక్కలకు లొంగుట లేదు.